అమ్మతో రామేశ్వరం

మా అమ్మ ఇరవై ఏండ్లుగా మిల్లులో తెగిన నూలు పోగులు అతుకుతోంది. సెలవు పెడితే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే గుడియాత్తం దాటి ఎక్కడికీ రాదు. ఈసారి పట్టుబట్టి కాట్పాడిలో రైలెక్కించినాను.

1914 నాటి పాత పాంబన్ వంతెనకు బదులు 2025లో తెరిచిన కొత్తదాని మీద రైలు పోతుంటే, అమ్మ కిటికీ వదల్లేదు. గుడిలో 22 తీర్థాలూ పోసుకున్నాం. లాడ్జిలో ఏడింటిదాకా పడుకుంది. అట్లా పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు!

మరుసటి రోజు ధనుష్కోడి. 1964 తుఫానులో కొట్టుకుపోయిన ఊరు. చర్చి మొండిగోడలు మిగిలినాయి. అక్కడ ఇసుకలో అమ్మ రెండు గంటలు ఊరికే కూర్చుంది. వేళ్ళు మాత్రం పోగు అతుకుతున్నట్టు కదులుతానే ఉన్నాయి.

"మళ్ళీ ఎప్పుడొద్దామమ్మా?" అన్నాను.

"బోనసు రానీరా," అనింది.