దొంగల గుహ – కొన్ని ధర్మసందేహాలు

దొంగల స్థావరం అనగానే మా తరంవారికి స్ఫురించేది విఠలాచార్య గారి ‘ఆలీబాబా 40 దొంగలు’ (1970). మంత్రం చెప్పగానే బండరాయి తొలగుతుంది, లోపల ధనరాశులు మెరుస్తాయి. ఆ నలుబదిమందీ ఏమి తిని బ్రతికారో, త్రాగునీరు ఎక్కడిదో మనమెవ్వరమూ అడుగలేదు. వేసవి సెలవులకు కిరండూల్ వచ్చిన మా మేనల్లుని పుణ్యమా అని ఆ ప్రశ్నలు ఇన్నాళ్ళకు మా ఇంట చర్చకు వచ్చాయి.

వాడు ఆడేది పాత్రధారణ క్రీడ. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ దీనికి మాతృక. ఒకరు కథకుడు, మిగిలినవారు తలా ఒక పాత్ర. తలపెట్టిన పని ఫలించినదీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. కథాస్థలాన్ని ముందుగా కల్పించుకొనడం కథకుని బాధ్యత. ఈసారి ఆ బాధ్యత మావాడిది, కావలసినది దొంగల స్థావరం.

బస్తరులో ఉంటూ గుహకోసం ఊహను శ్రమపెట్టడం దేనికని కోటంసర్ గుహను సూచించాను. జగదల్‌పూర్ సమీపాన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలో ఉన్నదీ సున్నపురాతి గుహ. తొలుత దీనికి గోపన్‌సర్ అని పేరు. గోపనమంటే దాపరికమే గదా! ద్వారం ఇరుకు, కావలికి ఒక్క మనిషి చాలు. అయితే లోపల సూర్యరశ్మి చొరదు. తరతరాలుగా చీకటిలో మసలిన అక్కడి చేపలకు చూపే కరవైనది. వర్షాకాలంలో నీరు చేరుతుంది గనుక సందర్శకులను రానివ్వరు.

దానితో మావాడి పటం మారింది. వానకాలపు విడిది గుట్టమీదికి చేరింది. దివిటీల పొగ పోవడానికి మార్గం, ఆపదలో తప్పించుకొనడానికి రెండవ దారి వెలిశాయి. ఉప్పూ బియ్యమూ సంతనుండి రావాలి. అంటే నలుబదిమంది గుట్టు ఒక చిల్లర వర్తకుని నోట ఉన్నదన్నమాట!

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. “దొంగలెవరు మామయ్యా? అడవిలో ఉండేవాళ్ళనే పెట్టేస్తే పోలేదూ?” అన్నాడు.

నేను స్టువర్టుపురం సంగతి చెప్పాను. 1871లో బ్రిటిషువారు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. ఆ ముద్రపడిన ఎరుకల కుటుంబాలకోసం 1913లో బాపట్ల సమీపాన వెలసిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. 1952లో చట్టం రద్దయినది, కాని అనుమానం రద్దు కాలేదు. 1991లో సైతం ఆ ఊరిపేరు దొంగల సినిమాలకు శీర్షిక అయినది. ఆ ఊరి బాలుడు బడిలో తన ఊరిపేరు చెప్పుకొనడానికి ఎంత తడబడి ఉంటాడో ఊహించుకొమ్మన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి దొంగలకు ఒక్కొక్కరికీ ఒక్కొక్క గతం వ్రాశాడు: జీతమందక సైన్యం విడిచినవాడు, పన్ను కట్టలేక పొలం పోగొట్టుకొన్నవాడు, కేవలం దురాశాపరుడు. అడవిలోని వారు దారి తెలిసిన పెద్దలైనారు. వారిని గౌరవంగా అడిగితేగాని ఆటగాళ్ళకు గుహ జాడ తెలియదు.

చివరగా వాడే మరొక సందేహం వెలిబుచ్చాడు: “వీళ్ళు దొంగతనం మానేస్తే ఏ ఊరు రానిస్తుంది?” పటంలో ఆ ఊరికి చోటు వెదకడం గుహను గీయడంకన్న కష్టమైనది. మావాడు ఇంకా ఆ పనిలోనే ఉన్నాడు.