చార్టు కంటే ముందు

పెద్దవాళ్ల కళ్లు చూడడం సులువు. కుర్చీలో కూర్చుంటారు, అడిగిందానికి జవాబు చెబుతారు. నా ఉద్యోగమంతా గడిచింది కుర్చీలో నిలవని పిల్లలతోనూ, వాళ్లను పరీక్షించడం నేర్చుకోవడానికి వచ్చిన ఆప్టోమెట్రీ విద్యార్థులతోనూ. చార్టు సంగతి తర్వాత, ముందు నేలమీద కూర్చోండర్రా అనేదాన్ని.

అక్షరాలు రానివాళ్ల కోసం ఫిన్లాండ్ వైద్యురాలు లియా హైవారినెన్ 1976లో బొమ్మల చార్టు తయారుచేశారు: యాపిల్, ఇల్లు, వృత్తం, చతురస్రం. యాపిల్‌ని జామకాయ అన్నా ఫర్వాలేదు, ప్రతిసారీ అదే అంటే చాలు. మాటలే రాని పసివాళ్లయితే రెటినోస్కోప్ ఉంది. కంటిపాపలో వెలుగు ఎటు కదులుతోందో చూసి పవర్ లెక్కకట్టవచ్చు. అది పుస్తకంతో రాదు, చేతికి అలవాటు కావాలి.

అసలు కష్టం మందదృష్టితో. ఒక కన్ను బాగా కనిపిస్తుంటే రెండోది వెనకబడిందని బిడ్డకూ తెలియదు, తల్లికీ తెలియదు. బాగున్న కంటికి ప్యాచ్ వేయమంటే అమ్మమ్మలు నామీద విరుచుకుపడేవారు: "ఉన్న ఒక్కటీ మూసేస్తావేంటమ్మా?" అడగాల్సిన ప్రశ్నే. ఆ కన్ను మూస్తే తప్ప మెదడు రెండోదాన్ని పట్టించుకోదు. మధ్యస్థ మందదృష్టికి రోజుకు 6 గంటల ప్యాచ్ ఎంతో 2 గంటలూ అంతే పనిచేస్తుందని 2003లో అమెరికా పరిశోధన తేల్చింది. నాకంటే ఆ అమ్మమ్మలే ఎక్కువ సంతోషించారు.

బడిలో వేసేముందే పిల్లలకు ఒక్కో కన్నూ విడిగా పరీక్ష చేయించండి. కనిపించడం లేదని వాళ్లంతట వాళ్లు చెప్పరు.