పరుగెత్తే మోకాలికి ఏది మందు?

ఐదు పూటల ఫర్జ్ నమాజులలోనే రోజుకు 17 రకాతులు, 34 సజ్దాలు ఉంటాయి. మోకాళ్లు బాగున్నంత కాలం ఈ లెక్క ఎవరికీ గుర్తుకు రాదు. నొప్పి మొదలైన తరువాత మాత్రం సజ్దా నుండి లేచిన ప్రతిసారీ గుర్తుకు వస్తుంది. కనుక కీళ్ల నొప్పిని మన ఇళ్లలో శరీర సమస్యగా మాత్రమే చూడలేము. ఆరాధనకు, సంపాదనకు, కొందరి విషయంలో భవిష్యత్తుకు కూడా దానితో సంబంధం ఉంది.

నేను కేసముద్రం వాసిని. మధుమేహం బయటపడిన తరువాత వైద్యుని సలహాపై ఫజ్ర్ నమాజు అనంతరం నడక ప్రారంభించాను. ఏడాది తిరిగేసరికి అది మెల్లని పరుగుగా మారింది. వేకువన మా ఊరి రోడ్డు మీద నావంటి నడివయసువారు ఇద్దరో ముగ్గురో కనిపిస్తారు. మిగిలినవారంతా పోలీసు ఉద్యోగానికి సిద్ధమయ్యే యువకులే. 2022 నాటి నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని నిబంధన పెట్టారు. ఆ పరీక్షలు అదే ఏడాది డిసెంబరులో మొదలయ్యాయి. నా చెల్లెలి కుమారుడూ ఆ అభ్యర్థులలో ఒకడు. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. ఆ ఏడు నిమిషాల మీద ఆ ఇంటి ఆశలన్నీ ఆధారపడి ఉన్నాయి.

పరీక్షకు ఐదు వారాల ముందు అతని కుడి మోకాలు మొరాయించింది. మెట్లు దిగుతున్నప్పుడు, కింద కూర్చుని లేస్తున్నప్పుడు మోకాలిచిప్ప చుట్టూ నొప్పి. తోటివారు తలా ఒక మార్గం చూపారు. ఒకరు గ్లూకోసమైన్ మాత్రలన్నారు. మరొకరు కొలాజెన్ పొడి, ఇంకొకరు పసుపు క్యాప్సూళ్లు అన్నారు. ఒక్క సూదితో తగ్గిపోతుందన్నవారూ ఉన్నారు. "మామూ, వీటిలో ఏది కొనమంటారు?" అని అతను నన్ను అడిగాడు. చెల్లెలి ప్రశ్న వేరు: "భయ్యా, ఆ గోలీలు హలాలేనా?" ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదుకుతూ ఎముకల వైద్యుణ్ణి, హకీమ్ సాహెబును, మౌలానా సాహెబును అడిగి, కొంత చదివి తెలుసుకున్న విషయాలను ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాను.

గ్లూకోసమైన్ మన కీళ్లలోని మృదులాస్థిలో సహజంగా ఉండే పదార్థం. అందుచేత దానిని మింగితే కీలు బాగుపడుతుందని చాలామంది నమ్మకం. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయంతో జరిగి 2006లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, మోకాలి అరుగుదల గల 1583 మందికి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్, నొప్పి మాత్ర, మందులేని ఉత్తుత్తి మాత్రలను వేర్వేరు బృందాలుగా ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలోనే దాదాపు 60 శాతం మందికి ఉపశమనం కలిగింది. మొత్తం మీద చూస్తే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌లు అంతకంటే చెప్పుకోదగినంత మెరుగని తేలలేదు. నొప్పి తీవ్రంగా ఉన్న కొద్దిమందిలో మాత్రం రెండూ కలిపి వాడితే కొంత ప్రయోజనం కనిపించింది. పైగా వారంతా కీళ్లు అరిగినవారు. ఇరవై రెండేళ్ల యువకుని మోకాలిచిప్ప నొప్పి వేరొక బాధ.

ఇక హలాల్ విషయం. గ్లూకోసమైన్‌ను ఎక్కువగా రొయ్యలు, పీతల పెంకుల నుండి తీస్తారు. హనఫీ ఫిఖ్హ్‌లో పీత తినదగినది కాదు. రొయ్యను పలువురు ఉలమా సమ్మతించారు. రసాయనికంగా పూర్తిగా మారిపోయిన పదార్థానికి పాత ఆదేశమే వర్తిస్తుందా అనే విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. కొలాజెన్‌ను పశువుల చర్మం నుండి, చేపల నుండి, పందుల నుండి కూడా తయారుచేస్తారు. మెత్తని క్యాప్సూల్ తొడుగులలో వాడే జెలటిన్ కూడా జంతు సంబంధమైనదే. అయితే పులియబెట్టే పద్ధతిలో తయారైన గ్లూకోసమైన్, మొక్కల నుండి చేసిన క్యాప్సూల్ తొడుగులు కూడా దొరుకుతున్నాయి. కాబట్టి డబ్బా మీద ఆకుపచ్చ గుర్తు ఉన్నదో, గోధుమరంగు గుర్తు ఉన్నదో చూడాలి. మూలం ఏదో తెలియనప్పుడు స్థానిక ఉలమాను సంప్రదించాలి. రొయ్యలు, పీతలు పడనివారు ఆరోగ్యరీత్యా కూడా జాగ్రత్త పడాలి.

మా ఊరి మార్కెట్‌కు పసుపు వస్తుంది. పసుపు పండే నేలలో పసుపు క్యాప్సూళ్లు కొనడం నాకు విచిత్రంగా తోచింది. అయితే పసుపులో కర్కుమిన్ పాళ్లు తక్కువ, నూటికి సుమారు మూడు వంతులు. అది ఒంటికి పట్టడమూ కష్టమే. మిరియాలలోని పైపెరిన్‌తో కలిపితే రక్తంలోకి చేరే కర్కుమిన్ ఎన్నో రెట్లు పెరుగుతుందని బెంగుళూరు పరిశోధకులు 1998లో చూపారు. మోకాలి అరుగుదల నొప్పికి ఇది కొంత మేలు చేస్తుందని కొన్ని చిన్న అధ్యయనాలు సూచిస్తున్నాయి. కానీ ఇలా గాఢత పెంచిన క్యాప్సూళ్ల వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ నమోదయ్యాయి. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా వాటి జోలికి పోరాదు. కూరలో వేసే పసుపుతో ఈ భయం లేదు.

యునానీలో కీళ్ల వ్యాధిని వజా-ఉల్-మఫాసిల్ అంటారు. సూరంజాన్ దానికి ప్రసిద్ధమైన మందు. ఆ జాతి మొక్కలలో లభించే కోల్చిసిన్‌ను నేటి వైద్యులు కూడా గౌట్ అనే కీళ్లవాపుకు వాడుతున్నారు. మోతాదు మించితే అదే విషమవుతుంది. హకీమ్ సాహెబు నాతో ఇలా అన్నారు: "ఇది మందు బాబూ, మిఠాయి కాదు. నాడి చూడనిదే ఇవ్వను." కలోంజి విషయంలోనూ అంతే. దాని గురించి హదీసు ఉంది, గౌరవిస్తాము. అయితే తగిన రోగనిర్ధారణ, తగిన చికిత్స అవసరం లేదని దాని అర్థం కాదని మౌలానా సాహెబు వివరించారు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సూది. డైక్లోఫెనాక్ వంటి మందులు నొప్పిని కప్పిపుచ్చుతాయి. కప్పిన నొప్పి మీద పరుగెత్తితే గాయం ముదురుతుంది. చెమటతో నీరు తగ్గిన శరీరంలో మూత్రపిండాలకు, ఖాళీ కడుపున జీర్ణాశయానికి ముప్పు. పేరులేని పొట్లాలలో అమ్మే 'దేశీ' చూర్ణాలలో కొన్నింట స్టెరాయిడ్లు కలిపినట్లు పరీక్షలలో బయటపడింది. రెండు రోజులలో అద్భుతంగా పనిచేసే చూర్ణాన్ని అనుమానించాలి. విటమిన్ డి లోపం మన దగ్గర ఎక్కువే. అయినా వారానికి ఒకటిగా ఇచ్చే 60,000 యూనిట్ల మందును రక్తపరీక్ష లేకుండా, అందునా రోజూ, మింగడం హానికరం.

చివరకు ఎముకల వైద్యుడు అతనికి ఏ సప్లిమెంటూ రాయలేదు. పరుగును సగానికి తగ్గించి, తొడ కండరాలకు, తుంటి కండరాలకు బలమిచ్చే మూడు వ్యాయామాలు రాశారు. వెల్లకిలా పడుకుని నిటారు కాలును ఎత్తడం, పక్కకు తిరిగి పడుకుని కాలును ఎత్తడం, గోడకు ఆనుకుని సగం వరకే కూర్చోవడం. అరిగిన బూట్లు మార్చమన్నారు. తారురోడ్డు వదిలి మట్టి బాట మీద పరుగెత్తమన్నారు. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ అదుపులోకి వచ్చింది. అల్హమ్దులిల్లాహ్, 1600 మీటర్లను అతను గడువులోపే పూర్తిచేశాడు.

పరుగు మోకాళ్లను అరగదీస్తుందనే భయం కూడా నిరాధారమే. పలు అధ్యయనాలను కలిపి 2017లో వెలువరించిన విశ్లేషణలో, ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం, పరుగెత్తనివారిలో 10.2 శాతం, పోటీలలో దీర్ఘకాలం పరుగెత్తినవారిలో 13.3 శాతం కనిపించింది. మితమే మేలని ఈ అంకెలు చెబుతున్నాయి. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉంది. పరుగు మన ఇళ్లకు పరాయిది కాదు.

కీలు వాచి వేడిగా ఉన్నా, జ్వరం తోడైనా, మోకాలు బిగుసుకుపోయినా, నడుస్తుండగా జారిపోతున్నా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. ఆ స్థితి లేనివారు డబ్బా కొనే ముందు బరువు చూసుకోవాలి. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని పరిశోధకులు లెక్కగట్టారు.

కొడుకు కోసం గోడకు అంటించిన ఆ వ్యాయామాల కాగితాన్ని చూసి నా చెల్లెలు కూడా ఇప్పుడు జుహర్ తరువాత అవే చేస్తోంది. నేల మీద కూర్చుని వండుతూ ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పి భరించిన ఆమె ఏనాడూ మందు అడగలేదు. మన ప్రతి ఇంటిలోనూ అటువంటి తల్లి ఒకరుంటారు. పరుగెత్తే బిడ్డల మోకాళ్లతో పాటు ఆమె మోకాళ్లను కూడా ఒకసారి వైద్యునికి చూపించాలి.