ఒడియా, కారుసీటా? – షికాగోనుండి డెన్వరునకు

మా అమ్మాయిని చూచుటకై ఒక వేసవిలో షికాగో నగరమునకు పోయి నాలుగు మాసము లచ్చట నుంటిని. మా మనుమరాలికి అప్పటికి పదునాలుగు నెలలు. నాకు రాకీ పర్వతములను చూపింపవలెనని అమ్మాయియు అల్లుడును సంకల్పించి డెన్వరునకు విమానపు టిక్కెట్లు కొనిరి. పెద్దలము ముగ్గురమే, టిక్కెట్లు మాత్రము నాలుగు. నాలుగవది యెవరికని యడిగితిని. "పాపకు" అని అమ్మాయి చెప్పినది.

నాకు నవ్వును, కొంత కోపమును గూడ వచ్చెను. ఆ దేశములోపలి విమానములలో రెండేండ్లు నిండని బిడ్డను టిక్కెట్టు లేకయే ఒడిలో నుంచుకొని పోవచ్చును. అట్టి వీలుండగా వృథావ్యయ మేల? "నీ తొమ్మిదవ నెలలో రాజమహేంద్రవరమునుండి లాంచీమీద పాపికొండలకు నిన్ను ఈ యొడిలోనే కదా తీసికొని పోయితిని! నీ కేమి కీడు కలిగినది?" అంటిని. అమ్మాయి నవ్వి యూరకుండెను గాని టిక్కెట్టు మానుకొనలేదు.

ప్రయాణపునాడు మఱియొక వింత. కారులో బిడ్డను కట్టి కూర్చుండబెట్టు కారుసీటును ఊడదీసి, చక్రముల పెట్టెకు కట్టి, ఓహేర్ విమానాశ్రయములోనికి లాగికొని వచ్చిరి. ఆ విమానాశ్రయము మన పుష్కరాల రేవువలె జనసమ్మర్దము గలది. అంతమందిలో ఆ బరువును మోయుట చూచి నాలో నేను గొణుగుకొంటిని.

విమానద్వారమున పరిచారిక యొకతె ఆ సీటును చూచి, అది లోపల పనికివచ్చునో రాదో యని సందేహించెను. అమ్మాయి తొట్రుపడక సీటును ప్రక్కకు త్రిప్పి చూపినది. మోటారు వాహనములందును విమానములందును ఉపయోగించుట కామోదింపబడినదని దానిపై ఎఱ్ఱని యక్షరములలో వ్రాసియున్నది. ఆ గుఱుతు గల సీటును, బిడ్డపేర టిక్కెట్టు కొనినచో, అక్కడి విమానములవారు కాదనరాదట. పరిచారిక చదువుకొని చిఱునవ్వుతో దారి యిచ్చెను.

సీటును కిటికీ ప్రక్కనే యుంచిరి. ఆపత్సమయమున ఇతరులు బయటికి పోవుటకు అది యడ్డము కారాదు గదా! అత్యవసర ద్వారముల వరుసలోను, వానికి ముందువెనుకల వరుసలలోను దానిని పెట్టనీయరు. అల్లుడు విమానపు బెల్టును కారుసీటు సందులగుండ దూర్చి, మోకాలితో అదిమి, కదలకుండ బిగించెను. పిమ్మట పాపను కూర్చుండబెట్టి భుజముల పట్టీలు తగిలించిరి. ఇంటి కారులోని సీటే యగుటచే పాప యేడ్వక, బొటనవ్రేలు నోటనిడికొని నిద్రపోయెను. నేను నా చేతిసంచి నొడిలో పెట్టుకొని కూర్చుంటిని. దానిలో చేగోడీల డబ్బా యున్నది.

షికాగోనుండి డెన్వరునకు సుమారు తొమ్మిదివందల మైళ్లు. రెండున్నర గంటల ప్రయాణము. క్రింద అయొవా, నెబ్రాస్కా రాష్ట్రముల పొలములు చదరంగపు గళ్లవలె నుండెను. అక్కడక్కడ నీరు చుట్టూ తిరిగి పాఱు పొలములు గుండ్రని పచ్చని పళ్లెములవలె నగుపించినవి. చూచుచు చూచుచు నేనును కునికితిని.

డెన్వరు సమీపించినకొలది విమానము వణకసాగెను. ఏటినీరు బండలపైనుండి పాఱునప్పుడు సుడులు తిరిగినట్లే, కొండలపైనుండి వచ్చు గాలియు చెదరి సుడులు తిరుగునట. బెల్టులు బిగించుకొనుడని చెప్పిన కొంతసేపటికి మా క్రింద నేల తీసివేసినట్లయ్యెను. గుండె గొంతులోనికి వచ్చినది. నేను రెండుచేతులతో పట్టుకొనియున్న సంచి నా పట్టు విడిపించుకొని పైకెగసి, ముందువరుసవారి తలలమీదుగా పోయి నడవలో పడెను. నేను సంచిని వదలలేదు, సోదరీమణులారా! గట్టిగానే పట్టుకొనియుంటిని. పాప వంక చూచితిని. కన్నులు తెఱచి, నన్ను చూచి, మఱల మూసికొనెను. ఆ సంచియున్న చోటనే పాపను కూర్చుండబెట్టుకొందునని కదా నేను వాదించినది!

డెన్వరు విమానాశ్రయపు పైకప్పు తెల్లని గుడారముల వరుస; దూరమునకు మంచుకొండలే యనిపించును. దానిని చూచి ఆనందించు స్థితిలో నేను లేను. నగరమునకు పోవుదారిలో అమ్మాయి నాకొక సంగతి చెప్పెను. బయలుదేరకముందు చెప్పిన భయపడుదునని దాచినదట.

1989 జూలై 19వ తేదీన ఈ డెన్వరునుండియే షికాగోకు పోవుచున్న 232వ నంబరు విమానపు తోకలోని యంత్రము పగిలి, చుక్కానులను నడుపు సాధనము లన్నియు చెడిపోయెను. అయొవాలోని సూ సిటీలో దానిని ఎట్లో నేలకు దింపిరి. 296 మందిలో 184 మంది బ్రతికిరి. ఒడిబిడ్డలు నలుగురుండిరి. వారిని పాదములకడ నేలపై నుంచి పట్టుకొనుడని తల్లులకు చెప్పిరి. అంతకంటె చెప్పుటకు వేఱుమార్గము లేదు. ఒక తల్లి బ్రదికెను. ఆమె బిడ్డ చేజాఱి పోయి మరణించెను. తల్లులకు ఆ మాట చెప్పవలసివచ్చిన ముఖ్య పరిచారిక జ్యాన్ బ్రౌను అటుపిమ్మట అనేకవత్సరములు, ప్రతిబిడ్డకును ప్రత్యేక మాసనము విధింపవలెనని పోరాడినది.

అయినను ఆ నియమము రాలేదు. టిక్కెట్టు ఖరీదునకు వెఱచి కుటుంబములు విమానము మాని కారులలో పోవునెడల, రోడ్లపై అంతకంటె నెక్కుడు మంది మరణింతురని అక్కడి విమానయాన శాఖవారు 2005లో నిశ్చయించిరి. కాని బిడ్డకు సురక్షితమైనచోటు ఒడి కాదు, ఆమోదింపబడిన సీటే యని ఆ శాఖవారే తల్లిదండ్రులకు చెప్పుచున్నారు. పది కిలోల బిడ్డ నాలుగురెట్ల కుదుపులో నలుబది కిలోల బరువగును. ఏ తల్లిచేతులు నిలుపగలవు? ప్రేమలో లోపము లేదు. చేతులలోనే శక్తి లేదు.

మన దేశపు విమానములలో తల్లి బెల్టునకు చిన్నబెల్టు తగిలించి ఒడిబిడ్డను కట్టుదురు. అమెరికాలో దాని ననుమతింపరు. తల్లి ముందునకు వంగినపుడు బిడ్డ ఆమె శరీరమునకును ముందు సీటునకును నడుమ నలిగిపోవునని వారి భయము.

ఇట్టి ప్రయాణము చేయువారు టిక్కెట్టు కొనునపుడే విమానసంస్థను అడిగి తెలిసికొనవలెను. ఒక్కొక దేశమున ఒక్కొక నియమము. సీటు వెడల్పు పదునాఱంగుళములు మించనిచో చాలవరకు పట్టును. కారులో బిడ్డను ఎత్తుగా కూర్చుండబెట్టు పీటవంటి బూస్టరు, విమానము లేచునప్పుడును దిగునప్పుడును పనికిరాదు. పాపను ముందునకా వెనుకకా త్రిప్పి కూర్చుండబెట్టవలెనను సంగతి బిడ్డ బరువునుబట్టి సీటుతో వచ్చిన పుస్తకమున నుండును. మన యూరి కారులకును ఇది వర్తించును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునాలుగేండ్లలోపు పిల్లలను బెల్టుగాని తగిన సీటుగాని లేకుండ తీసికొనిపోవువారికి వేయిరూపాయల జరిమానా.

పర్వతములను చూచితిమి, వాని సొగసును మఱొకమారు వ్రాయుదును. తిరుగు ప్రయాణమున కారుసీటును విమానాశ్రయములో నేనే లాగికొని వచ్చితిని. పట్టీలు నేనే తగిలించి, సందున వ్రేలు దూర్చి చూచి, మఱికొంత బిగించితిని. అమ్మాయి చూచి నవ్వెను గాని ఏమియు ననలేదు. అయొవా పొలములపై పోవుచున్నంతసేపు పాప చేయి నా చేతిలో నుండెను. షికాగోలో విమానము నిలిచి, బెల్టుల దీపము ఆఱిన పిదప పాపను ఒడిలోనికి తీసికొంటిని.