అబ్బా ఛురీ

బక్రీద్‌కి నాలుగు రోజుల ముందు మా ఆపా కొడుకు జర్మనీ నుంచి దిగాడు. అక్కడ ఎంఎస్ చదువుతున్నాడు. వాడి సూట్‌కేసులో ఖజూర్ లేదు, అత్తర్ లేదు. బట్టల మధ్య ఒరలో పెట్టిన నల్లటి కత్తి ఒకటి ఉంది.

"మామూ, ఇస్ సాల్ ఖుర్బానీ ఇసీ ఛురీ సే" అన్నాడు.

అమ్మీ చూసి "యా అల్లా, ఏ క్యా లాయా రే!" అని లోపలికి వెళ్ళిపోయింది.

అది కేఎం 2000. జర్మనీ ఫౌజ్ బుందెస్వేర్ వాడే కత్తి. జోలింగెన్ అనే ఊళ్ళో ఐక్‌హార్న్ కంపెనీ తయారు చేస్తుంది. ఆ ఊరు మొత్తం కత్తులకే మష్హూర్. ఆ ఇలాకాలో తయారైన సరుకు మీద తప్ప జోలింగెన్ పేరు వేయకూడదని 1938 నుంచీ కానూన్ ఉంది. వీడికీ వీడి రూమ్మేట్‌కీ కత్తుల మీద రోజూ బహస్ అంట. వీడేమో ఐక్‌హార్న్ వైపు. 1865లో మొదలైన కంపెనీ, ఉడత గుర్తు. ఆ అబ్బాయేమో 1869 నాటి బోకర్ వైపు, చెట్టు గుర్తు. ఇద్దరూ అలిసిపోతే మూడోవాడొచ్చి ప్యూమా అంటాడంట. అది 1769 నాటిది, అందరికన్నా బుజుర్గ్. కాకపోతే దాని నామ్ షికారీ కత్తులకి.

వాడి మాటల్ని నేను నవ్వి వదిలేయలేకపోయాను. కారణం పోయిన బక్రీద్.

అబ్బా లేకుండా మాకు అదే మొదటి బక్రీద్. ఆయన ఛురీ అటక మీద తుప్పు పట్టి ఉంది. దాన్ని దించే ఓపిక లేక బజార్లో తళతళలాడే స్టీలు కత్తి కొన్నాను. కొత్తది కదా అని ధార్ కూడా చూసుకోలేదు. బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని పొట్టేలు గొంతు మీద లాగితే తెగలేదు. ఇంకా గట్టిగా నొక్కాల్సి వచ్చింది. ఆ జానవర్ తన్నుకున్న తీరు నా చేతుల్లో ఇప్పటికీ ఉంది. జబా జాయిజే అన్నారు ఇమామ్ సాబ్. నా దిల్‌కి మాత్రం తసల్లీ రాలేదు. ఆ ఏడు గోష్త్ ముద్ద గొంతు దిగలేదు.

జబా చేసేటప్పుడు కూడా ఎహ్‌సాన్ ఉండాలని, కత్తికి బాగా పదును పెట్టుకోవాలని, జానవర్‌కి తక్లీఫ్ తగ్గించాలని హుజూర్ (స) తాకీదు చేశారు. సహీ ముస్లింలో ఉన్న హదీస్ ఇది. చిన్నప్పుడు మదర్సాలో యాద్ చేశాను. యాద్ చేసినంత మాత్రాన అమల్ అయిపోదని నలభై దాటాక తెలిసింది.

అందుకే ఈసారి అటక మీది ఛురీని దించాను. దాన్నీ, భాంజా కత్తినీ తీసుకుని ఇద్దరం కళ్యాణదుర్గం రోడ్డులో ఉన్న ఆ ఊరికి వెళ్ళాం. అబ్బాకి ఛురీ చేసిచ్చిన కమ్మరి పెద్దాయన అక్కడే ఉంటాడు. అబ్బా ఆయన్ని మామా అని పిలిచేవాడు, నేను చిన్నాయనా అంటాను.

కొలిమి చల్లారి చాలా ఏళ్ళయింది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన ఐదున్నర వందల మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేదు. వేరుశనగ ఎండింది, రైతులు ఎద్దుల్ని అమ్ముకున్నారు. నాగలి కర్రుకి పదును పెట్టించుకునేవాడు లేనప్పుడు కొలిమి ఎవరికోసం వెలగాలి? పెద్దాయన కొడుకు అదే జాగాలో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు.

పెద్దాయన ముందు జర్మనీ కత్తిని చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు, తూకం చూశాడు, అంచుని బొటనవేలి గోటి మీద ఆనించాడు. అంచు జారితే మొండిది, పట్టుకుంటే పదును ఉన్నట్టు.

"ఉక్కు మంచిదేప్పా. తొందరగా తుప్పు పట్టదు. పిడి కూడా చెమట చేతికి జారదు. దీన్ని చేసినోడు పని తెలిసినోడే. కానీ ఈ మొన చూడు, పొడిచేదానికి. ఈ పళ్ళు చూడు, తాళ్ళు కోసేదానికి. గొంతు మీద పెడితే కోయదు, చీలుస్తుంది."

భాంజా ముఖం చిన్నబోయింది.

తర్వాత అబ్బా ఛురీ. "లారీ కమాన్ కట్ట ఇది" అని గుర్తుపట్టాడు. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నటి సెగ మీద గోధుమ రంగు తిరిగేదాకా ఉంచాలంట. ఆ రెండో సెగ చూపకపోతే గాజులాగా విరుగుతుందంట. "తుప్పు తొందరగా పడుతుంది గానీ సానరాయికి తొందరగా లొంగుతుంది. మీ నాయన పండగకి వారం ముందే తెచ్చేవాడు. నువ్వు పోయినేడు రాలేదే?"

జవాబ్ చెప్పలేకపోయాను.

గంటసేపు నూరించాడు, భాంజా చేతే. అంచు పొడవునా గోరు నడిపి ఎక్కడా నొక్కు లేదని చూసుకోవడం నేర్పించాడు. నేను పక్కన కూర్చుని నిజామాబాద్ జిల్లా కోనసముద్రం సంగతి చెప్పాను. ఆ ఊరి ఉక్కు కోసం ఒకప్పుడు ఇరాన్ నుంచి సౌదాగర్లు వచ్చేవాళ్ళు. మన ఉక్కు అనే మాటే ఇంగ్లీషువాళ్ళ నోట్లో వూట్జ్ అయింది. జోలింగెన్ లాంటి ఊళ్ళు మనకీ ఉండేవన్నమాట.

వాపసు వస్తుంటే భాంజా అడిగాడు. "మామూ, దారిలో పోలీస్ ఆపితే?"

వాడి ఖౌఫ్ నాకు తెలుసు. న్యూస్ డెస్క్‌లో 'మారణాయుధాలు స్వాధీనం' అనే హెడ్డింగ్ నేనూ పెట్టినవాణ్ణే. పదేళ్ళ కింద అయితే ఆ మాట వెనక ఏ కత్తి ఉందో అడిగేవాణ్ణి కాదు. ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాలు దాటిన కత్తి ఆయుధాల లెక్కలోకి వస్తుందని ఉంది. ఇంటి పనికీ, సేద్యానికీ చేసిన వాటికి మాత్రం మినహాయింపు ఉంది. అబ్బా ఛురీ పది అంగుళాలు, ఫౌజీ కత్తి ఏడుకి లోపే. అయినా అబ్బా ఛురీని కొలతతో కాదు, దేనికోసం చేశారో చూసి తేల్చాలి. కానూన్ కూడా ఒక రకంగా నియ్యత్ అడుగుతుంది.

ఈద్‌గా నుంచి వచ్చాక పొట్టేలుకి నీళ్ళు పెట్టాను. ఖిబ్లా వైపు పడుకోబెట్టాం. కాళ్ళు భాంజా పట్టుకున్నాడు. ఛురీని దానికి కనపడకుండా వెనక దాచుకుని, బిస్మిల్లా చెప్పి లాగాను. ఒక్కసారే. నా చేతికి బరువే తెలియలేదు. కాసేపటికి అది చల్లబడింది. నేను కూర్చుని ఏడ్చాను. పోయినేటి దానికి కూడా.

పొట్టేలు కాళ్ళకి కట్టిన తాళ్ళు జర్మనీ కత్తితో కోశాడు భాంజా. సుయ్‌మని తెగాయి. "దేఖే మామూ, ఐక్‌హార్న్!" అన్నాడు.

హౌ రే, తాళ్ళకి దాని తర్వాతే ఏదైనా.

సాయంత్రం అబ్బా ఛురీని కడిగి, తుడిచి, శనగనూనె రాసి, గుడ్డలో చుట్టాడు. అటక మీద పెట్టబోతుంటే ఆపాను. ఇప్పుడది అల్మారాలో, చేతికి అందేచోట ఉంది.