ఊరకున్న బ్యాటరీ

వాడుచున్న వస్తువే యరుగునుగాని మూలనుంచిన వస్తువు చెడదని మన పెద్దలు తరచుగా ననుచుందురు. ఇత్తడి గుండిగ విషయమున నీమాట చెల్లును. రోటి విషయమునను చెల్లును. బ్యాటరీ విషయమున మాత్రము చెల్లదు. ఈ సంగతిని మేము డబ్బు పోగొట్టుకొని నేర్చుకొంటిమి. అంతకంటె నెక్కుడుగా, ఒక నిరపరాధి మనస్సును నొప్పించి నేర్చుకొంటిమి. మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునేమో యని ఆ వృత్తాంతమును దాచక యిచట వ్రాయుచున్నాము.

మా పాఠశాలలో పదవ తరగతివారు సాయంకాలము ఎనిమిది గంటలవరకు కూర్చుండి చదువుకొనుటకు ఒక పెద్ద గది కలదు. మగ్గమే యింటిలో సగము చోటాక్రమించిన గృహములనుండి వచ్చు పిల్లలకు ఆ గది యొక్కటే ఆధారము. ఆలేరులో గాలివాన వచ్చిన సాయంకాలములందు కరెంటు పోవుట అందరెరిగినదే. అందుచేత 2017వ సంవత్సరమున తలిదండ్రులు తలకొంత వేసికొని యిచ్చిన చందాతో ఒక ఇన్వర్టరును, 12 వోల్టుల బ్యాటరీలు రెంటిని కొని ఆ గదిలో పెట్టించితిమి. ఆనాటినుండి చదువు మధ్యలో ఆగుట యనునది లేదు. ఆ గది పెత్తనము మాది. భౌతిక రసాయన శాస్త్రములను బోధించువారము గనుక ఆ పెత్తనమునకు మేమే తగినవారమని యందరును తలంచిరి, మేమును తలంచితిమి.

2020వ సంవత్సరము మార్చి 16వ తేదీన కరోనా వ్యాధి కారణముగా రాష్ట్రమందలి బడులన్నియు మూతపడినవి. నెలాఖరునకు తిరిగి తెరతురని యనుకొంటిమి. పోవుచు, నిప్పుభయముచేతను, కరెంటు బిల్లు మిగులునను నాశచేతను, మా చౌకీదారును పిలిచి మెయిన్ స్విచ్చి దింపివేయుమంటిమి. అతడు మాకంటె వయస్సున పెద్దవాడు. బడి యావరణములోనే కాపురముండువాడు. “మెయిన్ తీస్తె బ్యాటరీల సంగతేంది సారూ?” అని యడిగెను. “వాడకుండ పెట్టినది చెడుతదా?” యని నవ్వి వచ్చితిమి. ఇన్వర్టరు మీదనున్న చిన్న మీటను ఆర్పవలెనని మాకు తోచలేదు.

నెలాఖరు పోయి సంవత్సరము తిరుగవచ్చెను. 2021 ఫిబ్రవరి 1వ తేదీన తొమ్మిది, పది తరగతులకు బడి తెరచితిమి. మొదటి వారముననే ఒకనాటి సాయంకాలము కరెంటు పోయెను. గది చీకటియయ్యెను. ఇన్వర్టరు ఒకమారు కూతవేసి మిన్నకుండెను. పిల్లలు పుస్తకములు మూసికొని యిండ్లకు పోయిరి. మరునాడు రాత్రియంతయు ఛార్జి పెట్టినను ఫలము లేకపోయెను. మాకు కోపము వచ్చెను. పది నెలలు ఆవరణలో నొంటరిగా నున్నవాడు చౌకీదారే గదా! రాత్రులు ఆ బ్యాటరీలతో ఫ్యాను త్రిప్పుకొనియుండునని తలంచి, నలుగురు పిల్లలు వినుచుండగా ఆ మాట పైకియే యంటిమి. అతడు మారు పలుకలేదు. తువాలు భుజమున వేసికొని గేటువద్దకు పోయెను.

తరువాత బ్యాటరీలు బాగుచేయు మేస్త్రి వచ్చెను. అతని చేతిలో గాజుగొట్టమొకటి, దానికొక రబ్బరు బుడ్డి యుండెను. దీనినే హైడ్రోమీటరందురు. బ్యాటరీ మూత విప్పి లోపలి ద్రవమును పీల్చినచో గొట్టములోని తేలిక ఎంతవరకు తేలునో చూచి ద్రవముయొక్క సాంద్రతను చెప్పవచ్చును. మావంటి బ్యాటరీ నిండుగా నున్నపుడు 1240 అంకె చూపవలెను. మాదానిలో ఏ గదిలోను 1100 అయినను లేదు. మేస్త్రి, “మెయిన్ తీసి ఎన్ని నెలలు పెట్టిండ్రు?” అని యడిగెను. మేము చెప్పితిమి. “ఇంకేముంది సారూ, ఆకలికి చచ్చినయి” అనెను.

ఆ యొక్క మాటలో, మేము బల్లపై వ్రాయు సమీకరణమంతయు నున్నది. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే అనునాయన కనిపెట్టెను. మరల మరల ఛార్జి చేయదగిన బ్యాటరీలలో నిదియే మొదటిది. నిండుగా నున్న బ్యాటరీలో ఒక పలక సీసపు డయాక్సైడు, రెండవది మెత్తని సీసము, నడుమ గంధకామ్లము. కరెంటు వాడుకొన్నకొలది ఆమ్లములోని గంధకాంశము పలకలను చేరి సీసపు సల్ఫేటగును. ద్రవము నీరు వలె పలుచబడును. వెంటనే ఛార్జి చేసినచో ఆ మార్పు తిరిగిపోవును. చేయక నెలల తరబడి విడిచిపెట్టితిమా, మెత్తగా నున్న ఆ సల్ఫేటు గట్టి స్ఫటికములై పలకలను కప్పివేయును. పిమ్మట ఎంత కరెంటిచ్చినను అవి పూర్తిగా కరుగవు.

బ్యాటరీ దేనికిని కలుపకున్నను లోలోపల కొంచెము కొంచెముగా శక్తిని కోల్పోవుచుండును. ఎండ ముదిరినకొలది ఈ నష్టము హెచ్చును. ఉష్ణము 10 డిగ్రీలు పెరిగిన రమారమి రెట్టింపగునందురు. మా యూర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును. దానికితోడు మేము ఆర్పక విడిచిన ఇన్వర్టరు, దీపమొక్కటి వెలుగకున్నను, తన కావలి కొరకు తానే రేయుంబవళ్లు ఆ బ్యాటరీలను త్రాగుచుండెను. మెయిన్ స్విచ్చి దింపించి వానికి తిండి రాకుండ చేసినవారము మేమే. శీతల దేశములలో ఇల్లువంటి బండ్లు కట్టుకొని వేసవిలో విహరించువారు గలరు. చలికాలము నాలుగైదు నెలలు ఆ బండ్లను నిలిపియుంచినపుడు వారికిని ఈ చిక్కే వచ్చును. అచట చలి, బ్యాటరీ శక్తి తరుగుటను తగ్గించును గాని, ఖాళీయైన బ్యాటరీలోని పలుచని ద్రవము గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును. నిండుగా నున్నది ఘోరమైన చలికిని గడ్డకట్టదు. ఎండదేశమైనను చలిదేశమైనను మందొక్కటియే: నిండుగా నుంచుట.

మేస్త్రి పోయిన పిమ్మట గేటువద్దకు పోయితిమి. పిల్లలముందు అన్నమాటను పిల్లలముందే వెనుకకు తీసికొనవలెను గనుక, ఆ నలుగురిని వెంటబెట్టుకొని పోయితిమి. “పెద్దయ్యా, తప్పు మాది. ఆనాడు నీవడిగిన ప్రశ్నకు మేము జవాబు చెప్పలేదు” అంటిమి. అతడు కొంతసేపూరకుండి, “పోనియ్యి సారూ. ఇగ ఏం జెయ్యాల్నో నాకు సూపెట్టు” అనెను.

క్రొత్త బ్యాటరీలకు 28,000 రూపాయలైనవి. అందు మా వంతు మేమిచ్చితిమి. పాతవానిని అంగడివాడు బరువుకట్టి తీసికొనెను. సీసము విషము, పాత బ్యాటరీని చెత్తలో వేయరాదు, ఇంటివద్ద పగులగొట్టరాదు. అది తిరిగి కరగించి క్రొత్త పలకలు చేయుటకు పనికివచ్చును.

నెలన్నర గడువకమునుపే, 2021 మార్చి 24వ తేదీనుండి బడులు మరల మూతపడినవి. ఈ మారు వెళ్లుటకు ముందు చౌకీదారుతో గూడ కూర్చుండి పని చేసితిమి. మొదట బ్యాటరీలను నిండుగా ఛార్జి చేసితిమి. పిమ్మట మూతలు విప్పి గుర్తువరకు డిస్టిల్డ్ వాటరు పోసితిమి. బోరునీరు పోయరాదు, మా నల్లగొండ ప్రాంతపు నీటిలోని లవణములు మన పండ్లను ఎముకలనే చెరచినవి, పలకలను విడుచునా! యాసిడును పోయరాదు, తరిగినది నీరేగాని ఆమ్లము కాదు. తీగెల కొనలందలి తెల్లని బూజును వంటసోడా నీటితో తుడిచి, ఆరిన తరువాత వ్యాసలీను పూసితిమి. ఇన్వర్టరు నార్పి, ముందు ఋణధ్రువపు తీగెను, తరువాత రెండవదానిని విప్పితిమి. కిటికీ యొకటి తెరచియుంచితిమి; ఛార్జి యగునపుడు వెలువడు హైడ్రోజను మండునది గనుక ఆ గదిలో బీడీ ముట్టింపరాదు. నెలకొకమారు తీగెలు తగిలించి, ఒక రాత్రి ఛార్జి చేసి, అంకె చూచి వ్రాసి, మరల విప్పవలెను. ఇదియే నియమము.

మే 12వ తేదీన రాష్ట్రమున లాక్‌డౌను వచ్చెను. ఉదయము ఆరునుండి పదివరకే బయట తిరుగ నిచ్చిరి. మేము పోలేకపోతిమి. ఆ నెల తేదీనాడు మాకు ఫోను వచ్చెను. “సారూ, పన్నెండు వందల నలుబై. ఒక గదిల మాత్రం ముప్పై అయిదు. నీళ్లు తక్కువున్నయి, పోసిన” అని చౌకీదారు చెప్పెను. జూనులో చెప్పెను, జూలైలో చెప్పెను, ఆగస్టులో చెప్పెను. సెప్టెంబరు 1వ తేదీన బడి తెరచినపుడు గోడమేకునకు వ్రేలాడుచున్న నోటుపుస్తకములో అయిదు నెలల అంకెలు అతని చేవ్రాతతో నుండెను. ఆ వారముననే వాన కురిసి కరెంటు పోయెను. దీపము లారలేదు. లెక్క మధ్యలోనున్న పిల్లలు తల యెత్తియైన చూడలేదు.

ఆలేరు స్టేషనులో సికింద్రాబాదు, కాజీపేటల నడుమ తిరుగు రైళ్లు ఆగినపుడు, పెట్టెల క్రింద బ్యాటరీలుండు ఇనుప డబ్బాలను మీరు చూచియుందురు. బండి నిలిచినను దీపములు వెలుగుటకు అవియే కారణము. ఎవడో యొకడు వానిని చూచుచున్నాడు గనుకనే అవి వెలుగుచున్నవి. మీ యిండ్లలో ఇన్వర్టరు గాని, నాట్లు ముగిసిన తరువాత ట్రాక్టరు గాని నెలలకొలది ఊరకుండునేని, మీరును నెలకొకమారు పలుకరింపుడు.

ఆ నోటుపుస్తకము నిండి, ఇప్పుడు రెండవది నడచుచున్నది. ప్రతి వేసవికి ముందును పదవ తరగతివారికి ఆ పని నేర్పువాడు మా చౌకీదారే. మేము ప్రక్కన నిలుచుండి సమీకరణమును చెప్పుదుము. పిల్లలు ప్రశ్న అడిగినప్పుడు, అది యెవరడిగినదైనను, నవ్వి త్రోసివేయక జవాబు చెప్పుట మేము నేర్చుకొన్న రెండవ పాఠము.