చక్రాల ఇల్లు

అమెరికాలో చాలామంది భార్యాభర్తలు ఉద్యోగాలు విరమించాక ఒక పెద్ద మోటారు బండి కొని, అందులోనే కాపరం పెడతారు. ఆ బండిలో పడకలుంటాయి, పొయ్యి ఉంటుంది, నీళ్ళ తొట్టి కూడా ఉంటుంది. ఆరిజోనా వంటి ఎడారి సీమలలో ఆ ఇంటిని నడుపుకుంటూ, నచ్చినచోట ఆపుకుంటూ నెలల తరబడి తిరుగుతారు. ముందు నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోకుండా మాత్రం బండి కదిలించరు.

ఇల్లు వెంట పెట్టుకుని తిరగటం మన దేశంలో కొత్త కాదు. లంబాడీలు ఒకప్పుడు అలాగే బతికారు. వీరినే సుగాలీలనీ, బంజారాలనీ అంటారు. సముద్రతీరంలో పండిన ఉప్పును వందల ఎద్దుల మీద వేసుకుని వారు లోపలి సీమలకు చేర్చేవారు; తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవారు. భార్య, భర్త, పిల్లలు, డేరా, వంటపాత్రలు అన్నీ ఎద్దులతోబాటే సాగేవి. పొద్దు వాలేసరికి మందకు ఒక చెరువో, వాగో దొరికి తీరాలి. అందుచేత వారి దారులన్నీ నీటి నుంచి నీటికి పోయేవి. రైళ్ళూ, మంచి రోడ్లూ వచ్చాక ఆ వ్యాపారం పోయింది. వినుకొండ, మార్కాపురం ప్రాంతాలలోని తండాలలో ఈనాడు ఉంటున్నది వారి సంతతివారే.

మీరు కూడా అమ్మానాన్నలతో ఒక వ్యానులో గుంటూరు నుంచి కంభం దాకా వెళ్ళిరండి. దూరం 200 కిలోమీటర్లకు లోపే. ఫిబ్రవరి నెల మంచిది.

గుంటూరు దాటీ దాటగానే నేలంతా ఎర్రగా కనిపిస్తుంది. అవి కల్లాలలో ఆరబోసిన మిరపకాయలు. ఆడవాళ్ళు తలకు గుడ్డ చుట్టుకుని, తెల్లబోయిన తాలు కాయలను ఏరి పారేస్తూ ఉంటారు. ఈ కాయలు టిక్కీలకెక్కి గుంటూరు మిర్చి యార్డుకు పోతాయి. మిరప మన మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టింది. పోర్చుగీసు వర్తకులు దాన్ని 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. కాయలో మంట పుట్టించే పదార్థం కాప్సైసిన్. అది గింజలలో కాక, గింజలు అంటుకుని ఉండే తెల్లని పొరలో ఎక్కువగా ఉంటుంది. చిలకలకు ఆ మంట తెలియదు. అందుకే అవి పండుమిరప కాయలను హాయిగా తింటాయి.

తరవాత నల్లరేగడి వస్తుంది. ఇది పత్తికి పేరుపడిన నేల. వాన పడితే ఉబ్బి జిగురౌతుంది; చక్రం దిగబడితే ఎద్దులు కూడా లాగలేవు. ఎండకు నెర్రెలిస్తుంది; పైమట్టి ఆ నెర్రెలలో పడి కిందికి పోతుంది. అందుకే రేగడి తనను తానే దున్నుకుంటుందని అంటారు. వాన వెలిశాక కూడా చాలాకాలం తేమను దాచుకుంటుంది.

ఈ ఎండిన మైదానాలను చూసి ఇది ఎడారి అనుకునేరు! ఏడాదికి 250 మిల్లీమీటర్లకు లోపు వాన పడే చోటును ఎడారి అంటారు. ఇక్కడ అంతకు రెట్టింపు కంటె ఎక్కువే కురుస్తుంది. అయితే అది కొద్ది నెలల్లోనే కురిసి, వాగులలో పడి, సముద్రానికి పోతుంది. ఆ నీటిని ఎవరు ఎలా నిలుపుకున్నారన్నదే ఈ దారి పొడుగునా మీరు చూడవలసిన విశేషం.

నరసరావుపేట 2022 నుంచి పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణం. దానికి దగ్గరలోనే కోటప్పకొండ ఉన్నది. శివరాత్రినాడు పల్లెలవాళ్ళు ఆకాశమంత ఎత్తున ప్రభలు కట్టి అక్కడికి తీసుకుపోతారు. ఇటు పొలాలలో పచ్చదనం కనిపిస్తే, అది చాలావరకు నాగార్జునసాగరు కుడికాలవ చలవే. 1955 డిసెంబరు 10న సాగరుకు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీరు వదిలింది.

తరవాత వినుకొండ. సీతను రావణుడు ఎత్తుకుపోయిన వార్త రాముడు విన్నది ఈ కొండ మీదనేనట. పేరు అలా వచ్చిందంటారు. కవి జాషువా 1895లో పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే.

వినుకొండ దాటాక రేగడి తగ్గి, రాళ్ళూ తుప్పలూ పెరుగుతాయి. పడమట నల్లమల కొండలు నీలంగా కనిపిస్తాయి. మీ తాతలు అక్షరాలు దిద్దిన పలకలు బహుశా మార్కాపురం నుంచి వచ్చినవే. అక్కడి రాతి పలకలు దేశమంతటా బడులకు పోయేవి.

ఈ పడమటి పల్లెలలో నీటి కష్టం హెచ్చు. బోర్లు లోతుకు దించుతూ పోతున్నారు. చాలాచోట్ల భూమిలోని నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. అటువంటి నీరు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంకరపోతాయి. కృష్ణ నీటిని ఇటు తేవటానికి వెలిగొండ పథకం కింద నల్లమలలో రెండు సొరంగాలు తవ్వారు. ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్ల పొడుగు!

చివరకు కంభం వస్తుంది. ఇక్కడ రెండు కొండల నడుమ ఉన్న ఇరుకు సందులోంచి గుండ్లకమ్మ పోతుంది. పూర్వులు ఆ ఒక్క సందుకు కట్ట వేశారు. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు; దాని వెనక ఒక సముద్రం ఏర్పడింది. దీనిని శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. అంటే సుమారు 500 ఏళ్ళయింది. యంత్రాలు లేని ఆ రోజుల్లో మట్టీ రాళ్ళూ మనుషులే మోశారు. 2020లో ఈ చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాలలో చేర్చారు.

కంభం చెరువులోకి కూడా వచ్చేది నల్లమల వాననీరే. దారిలో మీరు చూసిన ఎండు పల్లెలలో పడేదీ వాననీరే. భేదమల్లా, కంభంలో దాన్ని ఆపినవారున్నారు. మీ బండిలో నీళ్ళడబ్బా నింపుకోవటానికి ఏ ఊళ్ళో ఆగినా, అక్కడి పెద్దవాళ్ళను ఒక మాట అడగండి: "తాతా, మీ ఊళ్ళో వాననీరు ఎక్కడ నిలుస్తుంది?" అని. తిరిగి ఇంటికి వచ్చాక, మీ ఊళ్ళో కూడా ఆ మాటే అడగటం మరిచిపోకండి.